కన్నొకచోట, ధ్యాసొకచోట: హెల్మ్‌హోల్ట్స్ జీవితకథ

కన్ను తెరచి ఉన్నంతమాత్రాన ఎదుట ఉన్నదంతా కనబడదని మన పూర్వులు ఎరుగుదురు. మనస్సు అణుమాత్రమనీ, అది ఏ ఇంద్రియంతో కూడితే ఆ ఇంద్రియమే పని చేస్తుందనీ, రెండు జ్ఞానాలు ఏకకాలంలో కలగడం అసంభవమనీ నైయాయికులు తీర్మానించారు. అది తర్కంతో తేల్చిన మాట. ఆ ప్రశ్ననే చీకటిపెట్టెలో పెట్టి, విద్యుత్తు మెరుపుతో పరీక్షించి చూచినవాడు జర్మనీ దేశస్థుడైన హెర్మాన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్స్. భౌతికశాస్త్రం చదివినవారికి అతడు శక్తినిత్యత్వ సూత్రకర్తల్లో ఒకడుగా పరిచితుడు. కంటివైద్యులకు నిత్యస్మరణీయుడు. మనుష్యుని అవధానాన్ని కొలవడం సాధ్యమా, సాధ్యమైతే ఎక్కడ కొలవాలి అన్న విచారణకు కూడా అతడు మూలపురుషుల్లో ఒకడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

అతడు 1821 ఆగస్టు 31న బెర్లిను సమీపంలోని పోట్స్‌డాం పట్టణంలో జన్మించాడు. తండ్రి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. భాషలన్నా తత్త్వశాస్త్రమన్నా ప్రాణం పెట్టే మనిషి. పసివయసులో తల్లి వెంట నడుస్తూ ఒక చర్చి గోపురం మీద నిలిచిన మనుష్యులను చూచి, వారిని బొమ్మలనుకొని, చేయి చాచి అందుకొని ఇమ్మని తల్లిని అడిగాడట ఆ బాలుడు. ఎలగందుల కోట ఎక్కి దిగువకు చూచిన పిల్లవాడికి బాటమీది ఎడ్లబండి నిర్మల కొయ్యబొమ్మలాగా కనిపించడం వంటిదే యిది. అందరి బాల్యంలోనూ జరిగేదే. అందరూ మరచిపోతారు. హెల్మ్‌హోల్ట్స్ మరచిపోలేదు, దూరాన్ని కన్ను చూడదు, మనస్సు అలవాటువల్ల ఊహిస్తుంది అని నిరూపించవలసి వచ్చినప్పుడు తన మహాగ్రంథంలో ఆ గోపురాన్నే సాక్ష్యానికి పిలిచాడు.

అతని మనస్సు భౌతికశాస్త్రం మీద ఉండేది. ఉపాధ్యాయుని జీతానికి ఆ చదువు అందనిది. సైన్యంలో వైద్యుడుగా పనిచేయడానికి ఒప్పుకొన్నవారికి ప్రభుత్వమే వైద్యవిద్య చెప్పించే సంస్థ బెర్లినులో ఉండగా, 1838లో అక్కడ చేరాడు. పేదరికం కారణంగా పట్టిన యీ దారి మేలే చేసింది. భౌతికశాస్త్రజ్ఞుని బుద్ధితో మానవదేహాన్ని చూచే అవకాశం అతనికి అలా చిక్కింది. గురువు యోహాన్నెస్ ముల్లర్ ఆనాటి శరీరధర్మ శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. 1842లో పట్టం పుచ్చుకొని, మరుసటి ఏడు పోట్స్‌డాం పటాలంలో వైద్యుడుగా చేరాడు. శక్తినిత్యత్వాన్ని గూర్చిన వ్యాసం రాసింది ఆ కొలువులో ఉండగానే. ఆనాటి ప్రముఖ భౌతికశాస్త్ర పత్రిక దానిని తిప్పి పంపగా 1847లో చిన్న పుస్తకంగా వెలువడింది.

1849లో కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి లభించింది. అదే సంవత్సరం ఓల్గా ఫాన్ వెల్టెన్‌తో వివాహమయింది. నరాలలో వార్త ప్రయాణించే వేగాన్ని కొలవడం అసాధ్యమని ముల్లర్ అంతటివాడు భావించి ఉండగా, శిష్యుడు కప్పకాలి నరాన్ని తీసి, దానిని వేర్వేరు చోట్ల విద్యుత్తుతో తాకి, కండరం కదలడంలో కలిగిన ఆలస్యాల తేడాను లెక్కగట్టాడు. వేగం సెకనుకు ఇంచుమించు 27 మీటర్లని తేలింది. మెరుపుతో పోల్చదగిందనుకొన్న ఆ వేగం కాజీపేట నుంచి బల్లార్షా పోయే ఎక్స్‌ప్రెస్ రైలుకు అటూ ఇటూగా తేలడం పండితులకు మింగుడుపడలేదు. ఆ ప్రయోగాలలో పరికరాల అంకెలు చదివి రాసిపెట్టింది ఓల్గాయే. శాస్త్రచరిత్రలు ఆమెను ఒక్క వాక్యంతో సరిపెట్టడం న్యాయం కాదు.

మనుష్యుల మీద కూడా యీ పరీక్ష చేస్తూ అతడు ఒక విశేషాన్ని గమనించాడు. దేహాన్ని తాకగానే చేతితో సంజ్ఞ చేయవలసిన మనిషి ధ్యాస పెట్టి ఉంటే కాలం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. ఆలోచన మరొకచోట ఉంటే జవాబు ఆలస్యమవుతుంది. నరం అదే, చేయి అదే. మధ్యలో కాలాన్ని తినివేస్తున్నది పరధ్యానం. అప్పటికి అది లెక్కకు అడ్డుతగిలే చిక్కు మాత్రమే. దానినే లెక్కించవచ్చునన్న ఆలోచన తరువాతి తరాలకు వచ్చింది.

విద్యార్థులకు పాఠం చెప్పే నిమిత్తం కంటిపాప ఎందుకు నల్లగా కనిపిస్తుందని యోచిస్తూ అతడు నేత్రదర్శినిని కనిపెట్టాడు. కంటిలోనికి పోయిన వెలుగు వచ్చిన దారినే తిరిగి వస్తుంది. ఆ దారిలో తల పెడితే వెలుగు ఆగిపోతుంది. పెట్టకపోతే ఏమీ కనిపించదు. అట్టముక్కలు, జిగురు, సూక్ష్మదర్శిని గాజుపలకలు కూర్చి యీ చిక్కు విడదీశాడు. 1851లో వెలువడిన చిన్న గ్రంథంతో అతని పేరు ఐరోపా అంతటా మారుమోగింది. వెంటనే మరొక పరికరం చేశాడు. కంటి నల్లగుడ్డు మీది స్వచ్ఛమైన పొరమీద దీపాల ప్రతిబింబం ఎంత పరిమాణంలో పడుతుందో కొలిచి, ఆ పొర వంపును లెక్కించే సాధనమది. నేత్రదర్శినికి వచ్చిన కీర్తి దీనికి రాలేదు గాని, నేటికీ చూపు కదలికలను కొలిచే యంత్రాలు ఆ పొరమీది వెలుగుచుక్కనే పట్టుకొని నడుస్తున్నాయి.

1855లో బాన్‌కు, 1858లో హైడెల్‌బర్గుకు మారాడు. 1859వ సంవత్సరం అతని జీవితంలో చీకటి ఏడు. తండ్రి కన్నుమూశాడు, ఏడాది ముగిసేలోగా, చిరకాలంగా వ్యాధిగ్రస్తురాలైన ఓల్గా కూడా మరణించింది. రెండేళ్ల తరువాత ఆన్నా ఫాన్ మోల్‌ను వివాహమాడాడు. ఇన్నింటి నడుమ 1856లో మొదలయిన దృష్టిశాస్త్ర మహాగ్రంథం మూడు భాగాలుగా 1867 నాటికి పూర్తయింది. నాదశాస్త్రాన్ని గూర్చిన మరొక మహాగ్రంథం 1863లోనే వెలువడింది. ఒక్క మనిషి చేయగల పనియేనా యిది అని ఆశ్చర్యం కలుగుతుంది.

దృష్టిగ్రంథంలో అతడు కంటికి చేసిన సత్కారం విచిత్రమైనది. సృష్టిలో పరమాద్భుతమని అందరూ పొగడే ఆ అవయవంలోని లోపాలను ఒక్కొక్కటిగా బయటపెట్టాడు. స్పష్టంగా కనిపించేది చేయి చాచి పట్టుకొన్న బొటనవేలి గోరంత మేర మాత్రమే; తక్కినదంతా మసక. అయినా లోకం నిండుగా కనిపిస్తున్నదంటే, కన్ను క్షణక్షణం గంతులు వేస్తూ తిరుగుతున్నది; అది తెచ్చిన తునకలను మనస్సు తనకు తెలియకుండానే అనుమాన ప్రమాణంతో అతుకుతున్నది. ఈ మాటను ఎవాల్డ్ హేరింగ్ తీవ్రంగా ఖండించాడు. స్థలజ్ఞానం జన్మతః వచ్చేదే అన్నాడు. ఇరువర్గాల వాదం దశాబ్దాల తరబడి సాగింది. మర్యాద దాటిన సందర్భాలూ లేకపోలేదు. ఇద్దరిలోనూ కొంత సత్యమున్నదని తరువాతివారు ఒప్పుకొన్నారు.

కన్ను అలా తిరుగుతున్నదే, దానిని తిప్పుతున్నది ఎవరు? కంటిని కదలకుండా నిలిపితే మనస్సు కూడా నిలిచిపోతుందా? దీనికోసమే చీకటిపెట్టె. పెట్టెలోపల అంతా చీకటి. వెనుకవైపు గోడకు సూదిమొన అంత రంధ్రం. దానిలోనుంచి వచ్చే వెలుగుచుక్క మీద చూపు నిలపాలి. మొదట జంటచిత్రాలతోనూ, తరువాతి కూర్పులో చెప్పినట్లు అక్షరాలు అచ్చొత్తిన పెద్ద కాగితంతోనూ ప్రయోగం చేశాడు. లైడెన్ జాడీలో నింపిన విద్యుత్తును ఒక్కసారి వదిలితే మెరుపు మెరిసి, కాగితం తళుక్కుమని మాయమవుతుంది. కన్ను కదలాలంటే సెకనులో సుమారు అయిదోవంతు పడుతుంది. మెరుపు అంతసేపు ఉండదు. ఒక్క మెరుపులో కాగితమంతా చదవడం ఎవరికీ శక్యం కాదు. అయితే మెరుపుకు ముందే, చూపును చుక్క మీదనుంచి చలింపనీయక, ధ్యాసను మాత్రం చీకటిలో ఏదో ఒక మూలకు పంపి ఉంచితే, ఆ మూలనున్న అక్షరాలే తెలుస్తాయి, తక్కినవి తెలియవు. మరుసారి ధ్యాసను వేరొక మూలకు పంపితే అక్కడివి తెలుస్తాయి. కన్ను అదే, వెలుగు అదే, కాగితం అదే.

ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునికి చూపూ మనస్సూ రెండూ పక్షి మీదనే. హెల్మ్‌హోల్ట్స్ ఆ రెంటినీ విడదీశాడు. ధ్యాస కంటి కండరాలకు బానిస కాదు, సంకల్పానికి లోబడినదని తేల్చాడు. అయితే ఆ సంకల్పానికీ హద్దులున్నాయని అతడే గమనించాడు. రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపినప్పుడు ఒకటి కాసేపు, రెండవది కాసేపు పైకి వస్తాయి. గీతలు లెక్కబెట్టడం వంటి పని ఏదో ఒకటి కల్పించుకొన్నంతసేపే మనస్సు ఒక బొమ్మను పట్టుకోగలదు. అడగవలసిన కొత్త ప్రశ్న లేకపోతే జారిపోతుంది.

తెలుగువారికి యిది వినని సంగతి కాదు. అష్టావధానంలో పద్యం చెబుతూనే గంటలు లెక్కించే అవధాని చూపు ఎక్కడ ఉన్నదో ఎవరికి కావాలి? కరీంనగరపు వెండితీగ పనివాడు చూపు అతుకు మీద ఉంచి ధ్యాస నిప్పు మీద ఉంచుతాడు. ఆదిలాబాదు అడవిబాటలో బండి తోలేవాడి చూపు దారి మీద, ధ్యాస ఇరువైపులా పొదల మీద. అయితే తెలిసి ఉండటం వేరు, కొలవడం వేరు.

ఆ కొలతలు అతని తరువాత బాగా పెరిగాయి. పారిసు వైద్యుడు జవాల్ బృందం 1879 ప్రాంతంలో చదివేటప్పుడు చూపు గంతులు వేస్తుందని గమనించింది. 1901లో అమెరికాలో డాడ్జ్, క్లైన్ కంటిపొర మీది వెలుగును ఛాయాచిత్రంగా పట్టారు. రష్యాలో యార్బస్, ఒకే చిత్రాన్ని చూపి అడిగే ప్రశ్న మారిస్తే చూపు నడిచే దారి మారుతుందని చూపాడు. ఆ గ్రంథం 1967లో ఆంగ్లంలోకి వచ్చింది. 1998లో ఇట్టి, కోఖ్, నీబర్ రంగు, వెలుగు, గీతల వాలు లెక్కగట్టి, చిత్రంలో ఏ చోటు ధ్యాసను లాగుతుందో ముందే చెప్పే గణితనమూనాను రూపొందించారు. దండారిలో గుస్సాడి ఆటగాళ్ల నెమలిపింఛాల కిరీటాల మీదికి ఎవరి చూపు అయినా ఎందుకు పోతుందో ఆ నమూనా చెప్పగలదు. ఆ గుంపులోనే తన కొడుకును వెదుకుతున్న తల్లి పింఛాలను దాటి ఎక్కడ చూస్తుందో చెప్పడం దానికి కష్టం. యంత్రం కొలిచేది కంటిని. ధ్యాస కూడా అక్కడే ఉన్నదని మనం అనుకొంటాము. ఆ అనుకోవడం ఎప్పుడూ చెల్లదని చీకటిపెట్టె ముందే చూపింది. అందుకే 1980లో పోస్నర్ చూపును నిలిపి ఉంచి, ధ్యాస పోయిన చోట జవాబు ఎంత త్వరగా వస్తుందో కాలంతో కొలిచాడు. కోనిగ్స్‌బర్గులో అడ్డుతగిలిన చిక్కే యిక్కడ కొలబద్ద అయింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ యీ కోవకు చెందిన పరిశోధనలు జరుగుతున్నాయి.

1871లో బెర్లిను చేరి, పేదరికంవల్ల చిన్ననాడు చేజారిన భౌతికశాస్త్రానికే ఆచార్యుడయ్యాడు హెల్మ్‌హోల్ట్స్. 1888లో కొలతల ప్రామాణ్యానికై జర్మనీ ప్రభుత్వం నెలకొల్పిన సంస్థకు ప్రథమాధ్యక్షుడు కూడా అయ్యాడు. మరుసటి ఏడు కుమారుడు రాబర్టు మరణించాడు. 1893లో అమెరికా నుంచి తిరిగి వస్తూ ఓడలో మెట్ల మీదనుంచి పడి తలకు గాయమయింది. ఆపై పూర్తిగా కోలుకోలేదు. దృష్టిగ్రంథాన్ని విడివిడి భాగాలుగా దిద్దుతూనే 1894 సెప్టెంబరు 8న కన్నుమూశాడు. మిగిలిన భాగాలను శిష్యుడు ఆర్థర్ కోనిగ్ 1896లో ముగించాడు.