ఆంధ్రపితామహుడు మాడపాటి హనుమంతరావు

నగరంలో నివసించే మనిషికి నిత్యం ఎదురయ్యేవి రెండు: దారి, ద్వారం. ఏ వీధి ఎంత వెడల్పుగా ఉండాలి, గ్రంథాలయం తలుపులు ఏ వేళ తెరవాలి, సభామందిరంలో ఎవరు ఏ భాషలో మాట్లాడవచ్చు, బడి ఏ నుడిలో నడవాలి అనేవి చూడడానికి చిన్న విషయాలు. కాని వాటిని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో గమనిస్తే ఆ ఊరి ప్రజలకు ఎంత స్వాతంత్ర్యం ఉన్నదో తెలిసిపోతుంది. హైదరాబాదు సంస్థానంలో ఆ అధికారం చాలాకాలం ప్రజలకు దూరంగా ఉండిపోయింది. దానిని ప్రజలకు చేరువ చేయడానికి దశాబ్దాల తరబడి ఓర్పుతో పాటుపడి, చివరకు ఆ నగరానికే మేయరైన మహనీయుడు మాడపాటి హనుమంతరావు.

మాడపాటి 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. తల్లి వెంకటసుబ్బమ్మ, తండ్రి వెంకటప్పయ్య. పసితనంలోనే తండ్రిని కోల్పోవడంతో మేనమామల ఆదరణలో పెరిగారు. ఆ విధంగా బ్రిటిషు ఆంధ్రంలో పుట్టిన బాలుడు నిజాం రాజ్యంలోని తెలంగాణంలో విద్యాబుద్ధులు నేర్చాడు. నాటి సంస్థానంలో కొలువు కావాలన్నా, కచేరీలో అర్జీ పెట్టాలన్నా ఉర్దూ తప్పనిసరి. మాడపాటి ఉర్దూ, పారశీక భాషలను శ్రద్ధగా అభ్యసించారు. ఆంగ్లం నేర్చారు. తెలుగు సాహిత్యాన్ని స్వయంకృషితో చదువుకొన్నారు. ఉర్దూపై ఆయనకు గల అధికారం ఎంతటిదంటే, తరువాతి కాలంలో హైదరాబాదులో వెలువడే ముషీరే దక్కన్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకీయ సేవ చేయగలిగారు. తెలుగుకోసం పోరాడిన ఆయన ఏనాడూ ఉర్దూను ద్వేషించలేదు. తన భాషకు చోటు అడిగారే తప్ప మరొక భాష చోటును లాక్కోవాలని కోరలేదు.

హనుమకొండలో ప్రభుత్వోద్యోగిగా ఉన్న కాలంలో ఆయన ప్రజాసేవకు అంకురార్పణ జరిగింది. 1901లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మొదలైనవారి కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. ఆ స్ఫూర్తితో 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. దాని నిర్వహణలో మాడపాటి చేయూతనిచ్చారు. ఒక గది, కొన్ని పుస్తకాలు, నాలుగు పత్రికలు, సాయంవేళ వెలిగే ఒక దీపం. నాటి గ్రంథాలయం అంటే దాదాపు అంతే. అయినా పగలంతా కచేరీలో ఇతర భాషలో రాతకోతలు సాగించిన చిరుద్యోగి సాయంత్రం తన భాషలో నాలుగు పుటలు చదువుకొనగల చోటు అది. ఆ తలుపు వేళకు తెరుచుకోవడం ఎంత ముఖ్యమో మాడపాటికి అనుభవంలో తెలిసింది.

ఆ పిమ్మట ఆయన హైదరాబాదు చేరి న్యాయశాఖలో అనువాదకులుగా పనిచేశారు. వకాలతు పరీక్షలో ఉత్తీర్ణులై ఉద్యోగం విడిచి న్యాయవాదవృత్తి చేపట్టారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి కార్యదర్శిగా దీర్ఘకాలం సేవచేశారు. ఆ నిలయం నగరంలోని తెలుగువారికి పఠనాలయం మాత్రమే కాదు, కలుసుకొని ఆలోచించుకొనే వేదిక కూడా. ఇదే కాలంలో కథారచన కూడా సాగించారు. ప్రేమ్‌చంద్ కథలను తొలినాళ్లలోనే తెలుగు పాఠకులకు అందించిన వారిలో ఆయన ఒకరు. ఆయన కథలు మల్లికాగుచ్ఛము అనే సంపుటంగా వెలువడ్డాయి.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన 1921 నవంబరులో జరిగింది. హైదరాబాదులోని వివేకవర్ధిని మందిరంలో నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ మహాసభ ఏర్పాటైంది. స్త్రీవిద్యకు జీవితాన్ని ధారపోసిన ధోండో కేశవ కర్వే అధ్యక్షులు. ఆంగ్లంలో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగాలు సాగినప్పుడు సభ ప్రశాంతంగా విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా కొందరు చప్పట్లు చరిచి, అల్లరిచేసి ఆయన ప్రసంగాన్ని సాగనీయలేదు. సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది మాట్లాడే భాషకు రాజధానీనగర సభాభవనంలో ఆ గతి పట్టింది. అవమానంతో మనసు కలతచెందిన కొందరు తెలుగువారు నవంబరు 12న టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్రజనసంఘాన్ని స్థాపించారు. ఆ సంఘానికి కార్యదర్శిగా మాడపాటి దాని భారమంతా భుజాన వేసుకొన్నారు.

కోపం ఒక రాత్రిలో చల్లారుతుంది. దానిని సంస్థగా మార్చినప్పుడే తరతరాలకు పనికివస్తుంది. మాడపాటి ప్రతిభ అక్కడే వ్యక్తమైంది. ఊరూరా గ్రంథాలయాలు, పాఠశాలలు నెలకొల్పడానికి ప్రోత్సాహం లభించింది. శాసనాలను, తాళపత్రాలను సేకరించే పరిశోధనకు దోహదం కలిగింది. రైతుల, వర్తకుల కష్టాలను వివరించే చిన్నపుస్తకాలు అచ్చయ్యాయి. అధికారులు గ్రామాలకు వచ్చినప్పుడు కూలి చెల్లించకుండా బలవంతంగా చేయించుకొనే వెట్టిచాకిరీని గురించి సంఘం ప్రజలకు తెలియజెప్పింది. చట్టప్రకారం ఎవరికి ఏమి చెల్లించవలసి ఉన్నదో వివరించింది. తన హక్కు ఏమిటో తెలియని మనిషికి చట్టం ఉన్నా లేనట్టే అని న్యాయవాది అయిన మాడపాటికి తెలుసు.

నాటి పరిస్థితులు ఎంతో కఠినమైనవి. ప్రైవేటు పాఠశాల తెరవాలన్నా ప్రభుత్వానుమతి కావాలి. సభ జరపాలంటే ముందుగా అనుమతి పొందాలని శాసించే 53వ నంబరు గస్తీ, అంటే ప్రభుత్వపు ఉత్తర్వు, మరొక సంకెల. అనుమతి రాకపోతే మందిరం తలుపులు మూతబడి ఉండవలసిందే. మాడపాటి ఆ ఉత్తర్వులను ధిక్కరించే మార్గం ఎన్నుకోలేదు. అర్జీ వెంట అర్జీ పెట్టి, అభ్యంతరాలకు సమాధానాలు రాసి, అధికారులను వారి భాషలోనే ఒప్పించి సభలకు అనుమతులు సాధించేవారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశం జరిగింది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు మాడపాటియే అధ్యక్షత వహించారు.

మాడపాటి కృషిలో మకుటాయమానమైనది బాలికల పాఠశాల. 1928లో హైదరాబాదులో ఆంధ్ర బాలికల పాఠశాల ఆరంభమైంది. తరువాత నారాయణగూడలో స్థిరపడి ఉన్నత పాఠశాలగా ఎదిగింది. అందులో బోధన తెలుగులో సాగేది. అక్కడే చిక్కు వచ్చింది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ఉన్నతవిద్యను అందించే సంస్థ. విదేశీ భాషకు బదులు దేశభాషలో ఆధునిక శాస్త్రాలను బోధించవచ్చునని నిరూపించిన ఘనత దానిదే. అందుకోసం ప్రత్యేకంగా అనువాదశాఖను కూడా నెలకొల్పారు. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి అక్కడ తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. కాని తెలుగు అక్కడ ఒక పాఠ్యాంశమే, బోధనాభాష కాదు. మాతృభాషలో చదువు గొప్పదన్న సూత్రాన్ని ఉర్దూకు వర్తింపజేసిన రాజ్యం, తెలుగు మాధ్యమంగా నడిచే ఉన్నత పాఠశాలకు గుర్తింపు ఇవ్వడానికి సిద్ధపడలేదు. గుర్తింపు లేని బడిలో ఎన్ని తరగతులు చదివినా పైచదువుకు దారి ఉండదు. మాధ్యమం మార్చడమా, బడి మూయడమా అనే సంకటస్థితి ఏర్పడింది.

మాడపాటి మూడవ దారి వెదికారు. మాతృభాషలో బోధనను ఆమోదించే మహిళా విశ్వవిద్యాలయాన్ని కర్వే 1916లో పూనాలో స్థాపించి ఉన్నారు. ఆంధ్ర బాలికల పాఠశాలను దానికి అనుబంధంగా చేర్చారు. ఏ కర్వే అధ్యక్షత వహించిన సభలో తెలుగు ప్రసంగానికి పరాభవం జరిగిందో, ఆ కర్వే విశ్వవిద్యాలయమే తెలుగు బాలికల చదువుకు అండగా నిలిచింది. తమ నగరంలోని విశ్వవిద్యాలయం ఇవ్వని గుర్తింపు వందల మైళ్ల దూరం నుండి వచ్చింది. ఆ పాఠశాల నుండి అనేకమంది బాలికలు పట్టాలు పొంది ఉపాధ్యాయినులుగా, రచయిత్రులుగా, సంఘసేవికలుగా రాణించారు.

ఇంతలో విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్ ప్రాంతంలో విశాలమైన ప్రాంగణం రూపుదిద్దుకొంటున్నది. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించారు. ఆ మహాసౌధం పూర్తి కావడానికి ముందు సంవత్సరమే, 1938లో, వసతిగృహాలలో వందేమాతరం పాడినందుకు అనేకమంది విద్యార్థులు బహిష్కరణకు గురయ్యారు. వారిలో పలువురు నాగపూరు వెళ్లి చదువు కొనసాగించవలసి వచ్చింది. బాలికలకు పూనా, బాలురకు నాగపూరు దిక్కయ్యాయి. భవనం ఎంత ఎత్తుగా ఉన్నా దాని ద్వారం ఎవరికి తెరిచి ఉన్నదనేదే ముఖ్యమని నాటి తరం చేదుగా గ్రహించింది.

మాడపాటి మితవాదమార్గం అందరికీ నచ్చలేదు. అర్జీలతో, అనుమతులతో కాలం గడిచిపోతున్నదని, భూమి కోసం, బాధ్యతాయుత ప్రభుత్వం కోసం నేరుగా పోరాడాలని యువతరం భావించింది. 1944లో భువనగిరి మహాసభతో ఆంధ్రమహాసభ రెండుగా చీలింది. రావి నారాయణరెడ్డి నాయకత్వంలోని వర్గం రైతాంగ పోరాటం వైపు సాగింది. గ్రామసీమల్లో దొరల దౌర్జన్యాన్ని ఎదిరించడానికి మెత్తని మాటలు చాలవన్న వారి వాదంలో నిజం లేకపోలేదు. అయితే ఆ ఉద్యమాలను నడిపిన యువకులలో పలువురు అక్షరజ్ఞానాన్ని, రాజకీయ చైతన్యాన్ని పొందినది మాడపాటి తరం తెరిచిన పఠనమందిరాలలోనే. ఆ చరిత్రనంతటినీ ఆయన తెలంగాణ ఆంధ్రోద్యమము అనే గ్రంథంగా రెండు సంపుటాలలో రచించి భద్రపరచారు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో విలీనమైంది. పౌరసంస్థల పాలనలోనూ మార్పు వచ్చింది. 1908లో మూసీ వరదలు నగరాన్ని ముంచెత్తిన తరువాత, 1912లో ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని నియమించింది. ఇరుకు వీధులను వెడల్పు చేయడం, పాతరగట్టీ వంటి బజారులను తీర్చిదిద్దడం, పేదలకు కొత్త ఇళ్లు కట్టించడం వంటి గొప్ప పనులు ఆ మండలి చేసింది. కాని పటం మీద గీసిన ఒక గీత ఎవరి ఇంటి వసారా మీదుగా పోవాలో నిర్ణయించింది ప్రభుత్వం నియమించిన అధికారులే. ఇల్లు కోల్పోయేవాడికి ఆ నిర్ణయంలో మాట లేదు. 1950లో వచ్చిన కార్పొరేషను చట్టంతో హైదరాబాదుకు నగరపాలక సంస్థ హోదా తిరిగి లభించింది. 1951లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదు మేయరై 1954 వరకు ఆ పదవిని నిర్వహించారు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరు సంవత్సరాలు. ఒక సభామందిరంలో తెలుగు మాట వినబడడం కోసం ముప్పది ఏళ్లు శ్రమించిన వ్యక్తి ఆ నగర సభకే అధ్యక్షులయ్యారు. వీధులు, దీపాలు, మురుగుకాలువలు, అంగళ్లు వంటి నిత్యావసర విషయాలు ప్రజాప్రతినిధుల ముందు చర్చకు వచ్చే కాలం ఆరంభమైంది.

అప్పటికి జంటనగరాలు ఒకే పాలనలో లేవు. సికింద్రాబాదుకు వేరొక నగరపాలక సంస్థ ఉండేది. విశ్వవిద్యాలయ ప్రాంగణం ఈ రెండు నగరాల నడుమ ఉన్నది. ప్రాంగణానికి దక్షిణాన విద్యానగర్, ఉత్తరాన తార్నాక, దానికి ఆవల లాలాగూడ, సికింద్రాబాదు. ఈ మధ్యభాగం గుండా సాగే దారులను విద్యార్థులూ, రెండు నగరాల పౌరులూ కలిసి వాడుకొన్నారు. మనుషుల రాకపోకలు పాలనాసరిహద్దులను లెక్కచేయవు. అందుకే 1960 ఆగస్టు 3న రెండు సంస్థలూ ఒకటై ఉమ్మడి నగరపాలక సంస్థ ఏర్పడింది. నేడు తార్నాక కూడలిలో మెట్రో స్టేషను ఉంది. చుట్టూ జాతీయస్థాయి పరిశోధనాసంస్థలు వెలిశాయి. జామై ఉస్మానియా అనే రైల్వే స్టేషను పేరు మాత్రం విశ్వవిద్యాలయపు తొలినాటి భాషను గుర్తుచేస్తూనే ఉన్నది.

మాడపాటికి 1955లో భారతప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారాన్ని ప్రదానం చేసింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు ఆయన దానికి తొలి అధ్యక్షులై 1964 వరకు సభను నడిపారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ప్రసాదించింది. ఒకనాడు ఆయన పాఠశాలకు గుర్తింపు దొరకని విద్యావ్యవస్థకు శిఖరంగా నిలిచిన సంస్థ, తరువాతి కాలంలో ఆయనను తన పట్టభద్రులలో ఒకరిగా గౌరవించుకొన్నది. ఆయన ఆ సంస్థను నిందించనూ లేదు, దాని ముందు తన పట్టు విడువనూ లేదు. ప్రజలు ఆయనను ఆంధ్రపితామహుడని ఆప్యాయంగా పిలుచుకొన్నారు. 1970 నవంబరు 11న ఆయన కీర్తిశేషులయ్యారు.

నారాయణగూడలోని బాలికల పాఠశాల మాడపాటి హనుమంతరావు పేరుతో ప్రసిద్ధి పొందింది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం శతాబ్ది దాటి నిలిచింది. ఆయన పెద్ద సైన్యాన్ని నడపలేదు, సింహాసనాలను కూల్చలేదు. అర్జీలు రాశారు, చందాలు పోగుచేశారు, లెక్కలు సరిచూశారు, తలుపులు వేళకు తెరిపించారు. ప్రజాస్వామ్యం శాసనసభలలో మాత్రమే పుట్టదు. ఊరి గ్రంథాలయంలో, వీధి బడిలో, పురపాలక సంఘపు చర్చలో అది ప్రాణం పోసుకొంటుంది. ఒక దారి మారేటప్పుడు, ఒక ద్వారం మూసేటప్పుడు అక్కడి ప్రజలను అడగాలనే నియమం నేడు మనకు సహజంగా తోస్తున్నది. ఆ నియమం వెనుక మాడపాటి వంటి వారి ఓర్పు, నిరంతర కృషి ఉన్నాయని నేటి యువతరం గుర్తుంచుకోవాలి.