ఏటి అవతలే నిలబడిపోయిన ఆళ్వారు

ఈ వారం వీడియోలో తిరుప్పాణాళ్వార్ గురించి చెప్పాను కదా. టైమ్ చాలక కొన్ని మాటలు మిగిలిపోయాయి. నిజం చెప్పాలంటే టైమ్ ఒక్కటే కాదు, కెమెరా ముందు చెప్పడానికి నాకే కొంచెం మొహమాటమేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఈ సిటీకి వచ్చిన కొత్తలో మా అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్‌లో ప్రతి శనివారం విష్ణు సహస్రనామ పారాయణ జరిగేది. తలుపు బార్లా తీసే ఉండేది, బయట బోలెడు చెప్పులు. నేను మాత్రం మెట్ల దగ్గర నిలబడి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ, మొత్తం వినేసి వెళ్ళిపోయేవాణ్ణి. లోపలికి వెళ్దామని మహా ఉండేది. కానీ వీడెవడు, పిలవని పేరంటానికి వచ్చాడు అనుకుంటారేమోనని అడుగు పడేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ ఆళ్వారు కథ చదివాను.

ఆయనది ఉరైయూరు, ఇప్పటి తిరుచిరాపల్లిలో కలిసిపోయిన ఊరు. వరిచేలో దొరికిన పసిబిడ్డ అంటారు. పిల్లలు లేని పాణ కులం దంపతులు తెచ్చి పెంచుకున్నారు. పాణులంటే యాళ్ అనే వీణలాంటి వాద్యం మీటుతూ పాడేవాళ్ళు. చేతిలో సంగీతం ఉంది, గొంతులో రంగనాథుడు ఉన్నాడు, కానీ గుడిలోకి వెళ్ళే హక్కు లేదు.

శ్రీరంగం ఒక ద్వీపం. ఉత్తరాన కొల్లిడం, దక్షిణాన కావేరి. ఈయన రోజూ కావేరి దక్షిణపు గట్టుకు వచ్చి, గోపురం వైపు తిరిగి నిలబడి పాడుకునేవాడు. ఏరు దాటేవాడు కాదు. తన పాదం తగిలితే ఆ నేల మైలపడుతుందని లోకం చెప్పింది, ఆయన నమ్మాడు. ఇక్కడ నా భయానికీ ఆయన భయానికీ పోలికే లేదని ఒప్పుకోవాలి. నాది ఊహ. నన్నెవరూ ఎప్పుడూ తరమలేదు. ఆయన భయం వెనక ఊరంతా ఉంది.

ఒకరోజు ఆ భయం నిజమే అయ్యింది కూడా. లోకసారంగ ముని అనే అర్చకుడు స్వామి తిరుమంజనానికి నీళ్ళ కోసం రేవుకు వచ్చాడు. దారిలో ఈయన కళ్ళు మూసుకుని ఒళ్ళు మరిచి పాడుతున్నాడు. తప్పుకోమని కేకేస్తే వినపడలేదు. ముని రాయి తీసి విసిరాడు. నుదురు చిట్లి రక్తం కారింది. అప్పుడు కళ్ళు తెరిచిన ఆళ్వారు కోప్పడలేదు. అడ్డుగా ఉన్నందుకు తనే నొచ్చుకుని పక్కకి జరిగాడు. చదువుతుంటే నాకు రాయి దెబ్బ కంటే ఈ ముక్కే ఎక్కువ బాధనిపించింది. కొట్టించుకున్నవాడే సారీ చెప్పుకున్నట్టు.

ముని నీళ్ళతో గుడికి వెళ్తే స్వామి నుదుటి మీద రక్తం కనిపించిందని చెబుతారు. ఆ రాత్రి కలలో ఆజ్ఞ అయ్యింది: పోయి అతన్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకురా అని.

తెల్లారగానే ముని వచ్చి బతిమాలాడు. ఆళ్వారు రానన్నాడు! ఇన్నేళ్ళు దేనికోసం తపించాడో అది ఎదురొచ్చి పిలుస్తుంటే వెనక్కి వెనక్కి జరిగాడు. వద్దనిపించుకోవడం అలవాటైపోయినవాడికి రమ్మన్న పిలుపు ఇంకా భయంగా ఉంటుందేమో. ముని మరి మాట్లాడలేదు, ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని ఏరు దాటేశాడు. ఏ పాదాలు నేలకు తగలకూడదన్నారో ఆ పాదాలు నిజంగానే నేలకు తగల్లేదు. రాయి విసిరిన మనిషి గుండెల మీద వేలాడాయి. అందుకే ఆయనకు మునివాహనుడని పేరొచ్చింది.

ఏడు ప్రాకారాలు దాటి సన్నిధికి చేరాక పాడినవే 'అమలనాదిపిరాన్' అనే 10 పాశురాలు. నాలాయిర దివ్య ప్రబంధంలో ఏ ఆళ్వారూ ఇంత తక్కువ పాడలేదు. స్వామి పాదాలతో మొదలుపెట్టి, కట్టిన వస్త్రం, నాభి, వక్షస్థలం, కంఠం, నోరు అంటూ కళ్ళ దాకా వెళ్తాడు. ఒక్కొక్కటీ ఆగి ఆగి చూస్తాడు. దూరం నుంచి గోపురం మాత్రమే చూసినవాడు కదా! రాయి గురించి ఆ పదింటిలో ఒక్క మాట లేదు. చివరి పాశురం అయ్యాక అక్కడే స్వామిలో కలిసిపోయాడని సంప్రదాయం. తమిళ కార్తిక మాసంలో రోహిణి ఆయన తిరునక్షత్రం.

మన దగ్గర 2018 ఏప్రిల్‌లో, హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి చిలుకూరు బాలాజీ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసుకెళ్ళారు. ఆ కార్యక్రమానికి మునివాహన సేవ అనే పేరు. మీలో కొందరు వార్తల్లో చూసే ఉంటారు. అంత పాత కథను మళ్ళీ చేసి చూపించాల్సి వచ్చిందంటే, ఆ ఏరు ఇంకా చాలా చోట్ల పారుతూనే ఉందన్నమాట.

వీడియోలో చెప్పకుండా వదిలేసిన అసలు సంగతి ఒకటుంది. శ్రీరంగంలో రంగనాథుడు దక్షిణ ముఖంగా పడుకుని ఉంటాడు. విభీషణుడి కోసం లంక వైపు చూస్తున్నాడని అందరూ చెబుతారు. సరే. కానీ ఆళ్వారు నిలబడిందీ దక్షిణపు గట్టు మీదే. ఆయన అటు చూస్తున్నన్ని రోజులూ, స్వామి ముఖం ఇటే ఉంది.

ఇక నా సంగతి. ఒక శనివారం పారాయణ మధ్యలో ఆ ఇంటావిడ నీళ్ళ చెంబు కోసమో ఏమో బయటికొచ్చారు. వారం వారం మెట్ల దగ్గర నిలబడేది నువ్వే కదా బాబూ అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. పులిహోర చల్లారిపోతోంది, రమ్మన్నారు. ఆ చెప్పుల గుట్ట పక్కన నావి కూడా విప్పేసరికి చేతులు చిన్నగా వణుకుతున్నాయి.

జై శ్రీమన్నారాయణ.