సి.ఎస్. నాయుడు: ఒక్క మ్యాచ్‌లో 917 బంతులు వేసిన బౌలర్‌కు టెస్టు జట్టులో చోటు ఎందుకు స్థిరపడలేదు?

భారత టెస్టు క్రికెట్ గణాంకాల పట్టికలో ఒక పేరు ఎదుట కనిపించే అంకెలు ఎవరినైనా ఆశ్చర్యపరుస్తాయి. 11 టెస్టులు, 2 వికెట్లు, ఒక్కో వికెట్‌కు సగటున 179.50 పరుగులు. ఆ అంకెలను మాత్రమే చూసినవారు ఆ బౌలర్‌కు ఆట రాదనే అనుకుంటారు. అయితే ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 647 వికెట్లు పడగొట్టిన ఘనత కూడా ఆయనదే. ఒకే మ్యాచ్‌లో అత్యధికంగా 917 బంతులు వేసిన ప్రపంచ రికార్డు నేటికీ ఆయన పేరిటే ఉంది.

ఆయన పేరు కొట్టారి సుబ్బన్న నాయుడు. క్రికెట్ లోకానికి సి.ఎస్. నాయుడు. భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడుకు తమ్ముడు. ఈ రెండు రకాల అంకెల మధ్య నలిగిన జీవితం ఆయనది.

అన్న నీడలో తొలి అడుగు

సి.ఎస్. నాయుడు 1914 ఏప్రిల్ 18న నాగపూర్‌లో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. అన్న కనకయ్య నాయుడు ఆయన కంటే పద్దెనిమిదేళ్లకు పైగా పెద్దవారు. తమ్ముడు బంతి చేతపట్టే నాటికే అన్న దేశమంతటా పేరు మోసిన ఆటగాడు. 1932లో లార్డ్స్ మైదానంలో భారత్ ఆడిన తొట్టతొలి టెస్టుకు నాయకత్వం వహించినదీ ఆయనే.

తమ్ముడు ఎంచుకున్న విద్య లెగ్ స్పిన్. మణికట్టు తిప్పి బంతిని కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా మళ్లించడం, నడుమ నడుమ గూగ్లీ వేసి దానిని వ్యతిరేక దిశలో తిప్పడం అందులోని కీలకం. బౌలింగ్ విద్యలలో ఇంతటి కఠినమైనది మరొకటి లేదనే చెప్పాలి. మణికట్టు ఏ కొంచెం అదుపు తప్పినా బంతి ఫుల్‌టాస్‌గానో, మరీ పొట్టిగానో పడి బౌండరీ దాటుతుంది. చేయి కుదురుకోవడానికి ఓవర్లు కావాలి. కుదురుకునే వరకు పరుగులు పోయినా సహించే కెప్టెన్ కావాలి.

1934 జనవరిలో కలకత్తాలో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టులో సి.ఎస్. నాయుడు అరంగేట్రం చేశారు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లు. ప్రత్యర్థి జట్టు సారథి డగ్లస్ జార్డిన్. భారత జట్టు సారథి స్వయాన అన్నగారే. ముస్తాక్ అలీ, దిలావర్ హుసేన్, ఎం.జె. గోపాలన్ కూడా ఆ మ్యాచ్‌లోనే తొలిసారి టెస్టు బరిలోకి దిగారు. ఫాలోఆన్ ఆడవలసి వచ్చినా భారత్ ఆ టెస్టును డ్రా చేసుకోగలిగింది.

1936లో విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులోనూ సి.ఎస్.కు చోటు దక్కింది. అక్కడా టెస్టులు ఆడారు. కానీ ఇతడు లేకుండా జట్టు లేదని అనిపించుకునేటంతటి ప్రదర్శన ఆయన నుంచి రాలేదు.

టెస్టులు లేని పదేళ్లు

ఆ తరువాత ఆయన చేతిలో లేని కారణం ఒకటి అడ్డుపడింది. 1936 ఆగస్టు తరువాత భారత్ మళ్లీ టెస్టు ఆడింది 1946 జూన్‌లోనే. రెండో ప్రపంచ యుద్ధం అంతర్జాతీయ క్రికెట్‌ను స్తంభింపజేసింది. సి.ఎస్.కు అవి ఇరవై రెండు నుంచి ముప్పై రెండేళ్ల మధ్య వయసు. స్పిన్నర్ చేయి పండే కాలం. ఆ కాలమంతా ఆయన ముందు టెస్టు అన్నదే లేదు.

దేశవాళీ పోటీలు మాత్రం సాగాయి. నాటి సంస్థానాధీశులు క్రికెటర్లను ఆదరించి తమ కొలువులో చేర్చుకునేవారు. సి.ఎస్. బరోడా జట్టుకు ఆడారు. 1942-43 సీజన్‌లో 40 వికెట్లు తీశారు. ఒకే రంజీ సీజన్‌లో ఆ సంఖ్యను అందుకున్న తొలి బౌలర్ ఆయనే. ఆ ఏడాది సికింద్రాబాద్‌లో జరిగిన ఫైనల్లో హైదరాబాద్‌ను ఓడించి బరోడా ట్రోఫీని కైవసం చేసుకుంది. టెస్టుల్లో చోటు కోసం తడబడిన యువకుడు దేశవాళీ క్రికెట్‌లో బ్యాటర్లు జంకే బౌలర్‌గా ఎదిగారు.

917 బంతుల మ్యాచ్

అనంతరం ఆయన ఇందూరు కేంద్రంగా ఉన్న హోల్కర్ జట్టుకు మారారు. ఆ జట్టు సారథి మళ్లీ అన్నగారే. 1945 మార్చిలో బొంబాయిలోని బ్రాబోర్న్ స్టేడియంలో బొంబాయి, హోల్కర్ జట్ల మధ్య రంజీ ఫైనల్ జరిగింది. బ్యాటర్లకు స్వర్గం వంటి ఆ పిచ్ బౌలర్లకు నరకమే అయింది.

తొలి ఇన్నింగ్స్‌లో బొంబాయి 462 పరుగులు చేయగా, సి.ఎస్. 64.5 ఓవర్లు వేసి 153 పరుగులకు 6 వికెట్లు తీశారు. హోల్కర్ 360 పరుగులకు ఆలౌటైంది. రెండో ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్ 278 పరుగులు సాధించడంతో బొంబాయి 764 పరుగుల కొండను నిలిపింది. ఈసారి సి.ఎస్. 88 ఓవర్లు వేశారు. 275 పరుగులిచ్చి 5 వికెట్లు పడగొట్టారు.

రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 152.5 ఓవర్లు, 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ఒక మ్యాచ్‌లో ఒక బౌలర్ ఇచ్చిన అత్యధిక పరుగులు కూడా ఇవే. సైనిక విధుల మీద భారత్‌కు వచ్చి హోల్కర్ తరఫున ఆడిన ఇంగ్లండ్ బ్యాటర్ డెనిస్ కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచినా, హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడిపోయింది.

ఈ అంకెలను ఆయన టెస్టు అంకెల పక్కన పెట్టి చూడాలి. పద్దెనిమిదేళ్ల మేర విస్తరించిన టెస్టు జీవితంలో సి.ఎస్. వేసిన బంతులు మొత్తం 522. సగటున మ్యాచ్‌కు ఎనిమిది ఓవర్లైనా లేవు. ఆ ఒక్క రంజీ ఫైనల్లో వేసిన బంతులు అంతకంటే దాదాపు నాలుగు వందలు ఎక్కువ. మొదటి ఓవర్లలో పరుగులు పోయినా బంతిని తిరిగి చేతికిచ్చే కెప్టెన్ ఆయనకు హోల్కర్‌లో దొరికారు. టెస్టుల్లో ఆ ఓపిక లభించలేదు.

అయితే నేరమంతా కెప్టెన్లదే అనడమూ న్యాయం కాదు. టెస్టుల్లో ఆయన ఓవర్‌కు నాలుగు పరుగులకు పైగా ఇచ్చారు. ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. బ్రాబోర్న్ ఫైనల్లో ఆయన ఓవర్‌కు మూడు పరుగులైనా ఇవ్వలేదు. ఓవర్లు దక్కక చేయి కుదరలేదు. చేయి కుదరక ఓవర్లు దక్కలేదు. ఆ చట్రం నుంచి ఆయన చివరిదాకా బయటపడలేకపోయారు.

పెరిగిన పోటీ

1946లో టెస్టులు మళ్లీ మొదలయ్యేసరికి పరిస్థితి మారిపోయింది. సి.ఎస్. ఇంగ్లండ్ పర్యటనకు ఎంపికయ్యారు. కానీ అదే పర్యటనలో వినూ మన్కడ్ వెయ్యి పరుగులు, వంద వికెట్ల అరుదైన జంట ఘనత సాధించారు. సదూ షిండే, చందూ సర్వటే కూడా స్పిన్నర్ల వరుసలో నిలిచారు. 1947-48లో ఆస్ట్రేలియాలో బ్రాడ్‌మన్ జట్టుతోనూ సి.ఎస్. తలపడ్డారు. ఫలితం మారలేదు. ఈలోగా హైదరాబాద్ నుంచి ఆఫ్ స్పిన్నర్ గులామ్ అహ్మద్ ఎదిగి వచ్చారు.

1951-52లో ఇంగ్లండ్‌తో జరిగిన సిరీస్‌లో సి.ఎస్. తన చివరి టెస్టు ఆడారు. అదే సిరీస్‌లో, 1952 ఫిబ్రవరిలో మద్రాసులో భారత్ తన చరిత్రలో తొలి టెస్టు విజయాన్ని నమోదు చేసింది. ఆ విజయానికి బాట వేసింది స్పిన్ బౌలింగే. మన్కడ్ 12 వికెట్లు తీశారు. ఆ పదకొండు మందిలో సి.ఎస్. లేరు.

అయినా ఆయన ఆట మానలేదు. ఆంధ్ర, బెంగాల్, ఉత్తరప్రదేశ్ సహా అనేక జట్లకు ప్రాతినిధ్యం వహించారు. 1931-32లో మొదలైన ఫస్ట్‌క్లాస్ ప్రస్థానం 1960ల ఆరంభం వరకు సాగింది. 174 మ్యాచ్‌లలో 647 వికెట్లతో పాటు 5,700కు పైగా పరుగులు కూడా చేశారు. చురుకైన ఫీల్డర్‌గానూ పేరు తెచ్చుకున్నారు. 2002 నవంబర్ 22న ఇందూరులో, 88వ ఏట కన్నుమూశారు.

దీవుల నుంచి చూస్తే

జట్టు ఎక్కడుంటే అక్కడికి వెళ్లి బంతి వేయడమే సి.ఎస్. నాయుడు క్రీడా జీవితం. అండమాన్ నికోబార్ దీవులలోని యువ క్రికెటర్లకు ఈ పరిస్థితి కొత్త కాదు. గణనీయ సంఖ్యలో తెలుగు కుటుంబాలు నివసిస్తున్న ఈ దీవులకు సొంత రంజీ జట్టు లేదు. ఇక్కడి కుర్రవాడు ఆ స్థాయిలో బంతి వేయాలంటే సముద్రం దాటి మరో రాష్ట్రం తలుపు తట్టవలసిందే. అక్కడ దక్కే నాలుగు ఓవర్లలోనే తన సత్తా చూపవలసిందే.

అటువంటి కుర్రవాడికి సి.ఎస్. జీవితం పెద్ద జట్టులో చోటు ఖాయమన్న హామీ ఏమీ ఇవ్వదు. ఆ చోటు ఆయనకే స్థిరపడలేదు. కానీ 11 టెస్టులలో రెండే వికెట్లు దక్కిన మనిషి, మిగిలిన మైదానాలలో 645 మందిని పెవిలియన్‌కు పంపారు. తొలి అంకె దగ్గరే ఆగిపోయి ఉంటే రెండో అంకె ఉండేది కాదు.