గని కార్మికులకు రక్షణ దీపం అందించిన సర్ హంఫ్రీ డేవీ

ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెంజాన్స్‌లో జన్మించారు. 1807లో విద్యుద్విశ్లేషణ ద్వారా పొటాషియం, సోడియం లోహాలను తొలిసారిగా వేరుచేశారు. 1812లో ఫెల్లింగ్ బొగ్గు గని పేలుడులో 92 మంది మరణించిన అనంతరం, గని భద్రతపై పరిశోధించవలసిందిగా ఆయనకు అభ్యర్థన అందింది. సన్నని లోహపు జాలీ మంట వేడిని గ్రహించి, వెలుపలి మీథేన్ వాయువు అంటుకోకుండా నిరోధిస్తుందని గుర్తించి 1815లో రక్షణ దీపాన్ని రూపొందించారు. దానికి పేటెంట్ తీసుకోలేదు. అయితే జాలీ దెబ్బతిన్న దీపం ప్రమాదకరంగా మారేది. దీపంపై భరోసాతో వాయువు అధికంగా గల పొరలలోనూ తవ్వకాలు సాగించడంతో పేలుళ్లు ఆగలేదు. పరికరంతో పాటు గాలి ప్రసరణ, నిత్య తనిఖీ తప్పనిసరి అని ఆ అనుభవం చాటింది. డేవీ 1829 మే 29న జెనీవాలో మరణించారు.