పంటల పుట్టిళ్లు వెతికిన నికొలాయ్ వావిలోవ్

వంకాయ పుట్టిల్లు ఏ దేశమని పిల్లలు అడిగితే మన దేశమేనని చెప్పవచ్చు. ఒక పంటలో ఎక్కడ ఎక్కువ రకాలు కనిపిస్తాయో అక్కడే అది పుట్టి ఉంటుందన్న ఆలోచనతో ప్రపంచం చుట్టి, వరి, వంకాయ, మామిడిని భారతదేశం లెక్కలో వేసినవారు రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్.

ఆయన 1887లో మాస్కోలో ఒక బట్టల వ్యాపారి ఇంట పుట్టారు. వ్యవసాయశాస్త్రం చదివి, 1913లో ఇంగ్లండు వెళ్లి విలియం బేట్సన్ దగ్గర అప్పటికి కొత్తదైన జన్యుశాస్త్రం నేర్చుకున్నారు. తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో పంటల పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు. అఫ్గానిస్తాన్, ఇథియోపియా, జపాన్, మెక్సికో... ఎక్కడికి వెళ్లినా రైతుల దగ్గర, సంతల్లో విత్తనాలు సేకరించేవారు. తెగుళ్లను, కరువును తట్టుకునే గుణాలు నాటు రకాల్లో, అడవి మొక్కల్లో దాగి ఉంటాయని ఆయన నమ్మకం. 1940 నాటికి ఆ సంస్థలో దాదాపు 2,50,000 నమూనాలు పోగయ్యాయి.

ఇబ్బందల్లా సమయం దగ్గర వచ్చింది. మంచి వంగడం తయారు కావాలంటే పదేళ్లకు పైగా పడుతుంది. 1932-33లో సోవియట్ దేశంలో ఘోరమైన కరువు. ప్రభుత్వానికి ఫలితాలు వెంటనే కావాలి. త్రొఫీమ్ లైసెంకో రెండు మూడేళ్లలోనే ఇస్తానన్నాడు. గోధుమ విత్తనాన్ని చలికి గురిచేసి దాని స్వభావాన్నే మార్చవచ్చని, ఆ మార్పు తర్వాతి తరాలకూ అందుతుందని అతని వాదన. విచిత్రమేమిటంటే, మొదట్లో అతన్ని మెచ్చుకున్నవారిలో వావిలోవ్ కూడా ఉన్నారు. కానీ స్టాలిన్ అండ దొరికాక వాదనకు రుజువులతో పని లేకపోయింది. జన్యుశాస్త్రం విదేశీ కుట్ర అన్నట్టు మాట్లాడసాగారు. 1938లో వ్యవసాయ అకాడమీ అధ్యక్ష పదవి లైసెంకోకు దక్కింది. 1939లో ఎడిన్‌బరోలో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు వావిలోవ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ప్రభుత్వం ఆయనను వెళ్లనివ్వలేదు.

ఒక్క మాట మార్చుకుని ఉంటే బతికేవారేమో. ఆయన మార్చుకోలేదు. 1940 ఆగస్టులో ఉక్రెయిన్‌లో మొక్కలు సేకరిస్తుండగా అరెస్టు చేశారు. గూఢచర్యం, వ్యవసాయ విధ్వంసం అని నేరాలు మోపి, నెలల తరబడి విచారించి మరణశిక్ష వేశారు. దాన్ని 20 ఏళ్ల జైలుగా తగ్గించారు. 1942లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను విదేశీ సభ్యుడిగా ఎన్నుకున్నప్పుడు ఆయన సరాతోవ్ జైలులో ఉన్నారు. లక్షల రకాల తిండిగింజలు పోగుచేసిన మనిషి 1943 జనవరి 26న అక్కడే, తిండి లేక చిక్కి శల్యమై కన్నుమూశారు.

అదే కాలంలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించింది. ఆయన సహచరులు విత్తనాల గదుల్లోనే ఉండి, వాటిని తినకుండా కాపాడారు. పలువురు ఆకలితో చనిపోయారు. వారిలో వరి విత్తనాల బాధ్యత చూసే ద్మిత్రి ఇవానోవ్ ఒకరు.

వావిలోవ్ తమ్ముడు సెర్గేయ్ పేరున్న భౌతికశాస్త్రవేత్త. 1945లో అదే ప్రభుత్వం ఆయనను సైన్స్ అకాడమీ అధ్యక్షుడిని చేసింది. 1948లో జన్యుశాస్త్రాన్ని అధికారికంగా వెలివేసినప్పుడు, అకాడమీలో ఆ ప్రయోగశాలలు మూయించే తీర్మానం ఆయన అధ్యక్షతలోనే జరిగింది. 1955లో సుప్రీంకోర్టు అన్నగారి శిక్షను రద్దు చేసింది. సెర్గేయ్ అంతకు నాలుగేళ్ల ముందే చనిపోయారు.