పంపుసెట్టు వెనుక ఒక కమ్మరి కొడుకు

స్టార్టరు నొక్కితే బావి దగ్గర మోటారు తిరుగుతుంది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఆ మోటారు ఆగి, నారుమళ్లు ఎండుతాయి. ఈ రెండు యంత్రాలకూ మూలసూత్రం కనిపెట్టిన వ్యక్తి కళాశాల గడప తొక్కినవాడు కాదు. లండన్‌లో పుస్తకాలకు అట్టలు కట్టి బతికిన మైకేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ పక్కన న్యూయింగ్టన్‌లో జన్మించారు. తండ్రి కమ్మరి. తరచు జబ్బు పడటంతో పని సాగేది కాదు. కరవు రోజుల్లో పిల్లవాడికి ఒక రొట్టె ఇచ్చి, వారమంతా దానితోనే సరిపెట్టుకోమనేవారు. బడిలో అబ్బిన చదువు రాయడం, చదవడం, కాసిని లెక్కలు. 14వ ఏట బైండింగు దుకాణంలో పనికి కుదిరి ఏడేళ్లు ఉన్నారు. అట్టలు కట్టిన పుస్తకాలనే తీరిక వేళ చదివేవారు. విద్యుత్తు సంగతి తొలిసారి తెలిసింది వాటిలోనే.

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఉపన్యాసాలు విన్నారు. విన్నదంతా రాసి, బొమ్మలు వేసి, తానే బైండు చేసి డేవీకి పంపారు. మరుసటి ఏడాది మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. డేవీ దంపతుల వెంట యూరప్ వెళ్లినప్పుడు దొరసాని ఆయనను నౌకరులా చూసింది. మధ్యలోనే తిరిగి పోదామా అనిపించినా, విద్య కోసం ఓర్చుకున్నారు.

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ చూపారు. 1821లో ఫారడే పాదరసం గిన్నెలో అయస్కాంతం చుట్టూ తీగ తిరిగేలా చేశారు. మోటారుకు అదే నాంది. పేరుతో పాటు నిందా వచ్చింది. పరాయి ఆలోచన కాజేశాడన్నారు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి గురువు డేవీయే అడ్డుపడ్డారు. అయినా ఫారడే ఎన్నికయ్యారు.

కరెంటు వల్ల అయస్కాంత శక్తి వస్తే, అయస్కాంతం వల్ల కరెంటు రాదా? ఈ ప్రశ్న ఆయనను పదేళ్లు వదలలేదు. పలుమార్లు విఫలమయ్యారు. 1831 ఆగస్టు 29న ఇనుప కడియానికి రెండు వైపులా రాగితీగలు చుట్టారు. ఒక చుట్టకు బ్యాటరీ తగిలించగానే రెండో చుట్ట దగ్గరి ముల్లు ఒక్కసారి కదిలి ఆగింది. బ్యాటరీ తీసినప్పుడు మళ్లీ కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపు కదలలేదు. అయస్కాంత ప్రభావం మారుతున్నప్పుడే కరెంటు పుడుతుందని తేలింది. అక్టోబరులో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని ముందుకూ వెనక్కూ ఆడించి కరెంటు పుట్టించారు.

భౌతికశాస్త్రం అంటే ఇదే: కంటికి కనబడే మార్పుకు కారణం వెతికి, పరీక్ష పెట్టి తేల్చడం. నాగార్జునసాగర్, శ్రీశైలంలో నీటి తోపుడుకు తిరిగే అయస్కాంతాలు రాగిచుట్టల్లో కరెంటు పుట్టిస్తాయి. పాత సైకిలు డైనమోదీ అదే పద్ధతి. ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉన్నది ఇనుముకు చుట్టిన తీగచుట్టలే. ఒక వైపు ఎక్కువ చుట్లు, రెండో వైపు తక్కువ. అందుకే 11,000 వోల్టులు మోటారుకు తగినట్టు 400 వోల్టుల స్థాయికి దిగుతాయి. నిలకడగా పారే బ్యాటరీ కరెంటుతో అది పనిచేయదు. నిరంతరం దిశ మారే కరెంటు కావాలి.

ఫారడేకు పెద్ద గణితం రాదు. ఆయన ఊహలను తర్వాత మాక్స్‌వెల్ సమీకరణాలుగా మలిచారు. క్రిస్మస్ సెలవుల్లో ఫారడే పిల్లలకు కొవ్వొత్తి వెలిగించి శాస్త్రం చెప్పేవారు. 1857లో రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. లండన్ హైగేట్ శ్మశానంలోని ఆయన సమాధిరాయిపై పేరు, జనన మరణ తేదీలే ఉన్నాయి.