సచిన్ దా: పడవ పాట, ఈస్ట్ బెంగాల్ ఆట

'గైడ్' సినిమా మొదట్లో దేవానంద్ జైలు నుంచి బయటికొస్తాడు. ఇంటికి పోవాలో వద్దో తేలక, కనబడ్డ దారి పట్టుకుని నడుస్తుంటాడు. వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. అది రఫీదీ కాదు, కిషోర్‌దీ కాదు. కాస్త ముక్కుతో పాడినట్టుండి, పైస్థాయికి పోయేసరికి సన్నగా చీలిపోయే ముసలి గొంతు. మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. ఇంత మంచి పాట ఇంకెవరితోనైనా పాడించొచ్చు కదా అనుకున్నాను. మూడోసారి విన్నాక, ఈ పాట ఇంకెవరు పాడినా ఒప్పుకోకూడదనిపించింది. ఆ గొంతు ఆ సినిమా సంగీత దర్శకుడిదే. పేరు సచిన్ దేవ్ బర్మన్.

మనలో చాలామందికి ఆయన ఆర్.డి. బర్మన్ వాళ్ళ నాన్నగానే తెలుసు. నాకూ అంతే. ఆయన గురించి చదువుతూ పోతే పాటలతో పాటు ఇంకో విషయం పదే పదే తగులుతుంది. అదే ఫుట్‌బాల్. ఉత్త సరదా కాదు, కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్ అంటే ఆయనకి పిచ్చి. మొదట్లో ఈ రెండూ వేరు వేరు ఇష్టాలనుకున్నా. ఆయన ఎక్కడ పుట్టాడో చూశాక అలా అనిపించడం మానేసింది.

1906 అక్టోబర్ 1న కొమిల్లాలో పుట్టారు. అప్పటికది బ్రిటిష్ ఇండియాలో తూర్పు బెంగాల్ ఊరు, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. నాన్న నవద్వీపచంద్ర దేవ్ బర్మన్ త్రిపుర రాజవంశీకుడు. ఆయన తండ్రి ఈశానచంద్ర మాణిక్య మహారాజు పోయాక సింహాసనం కొడుక్కి రాలేదు, బాబాయికి పోయింది. దాంతో కుటుంబం కొమిల్లాలో స్థిరపడింది. అమ్మ నిర్మలాదేవి మణిపూర్ రాచబిడ్డ. అంటే రాజ్యం లేని రాకుమారుడన్నమాట. బెంగాలీలు ఆయన్ని కడదాకా 'సచిన్ కర్తా' అన్నది ఆ రాచరికం గుర్తుగానే.

నాన్న సితార్ వాయించేవారు, ధ్రుపద్ పాడేవారు. కానీ ఈ పిల్లాడి మీద ముద్ర వేసింది ఇంట్లో పనిచేసే ఇద్దరు మనుషులు. మాధవ్ రామాయణం పాడి వినిపించేవాడు. అన్వర్ దోతారా మీటుతూ భాటియాలీ పాడేవాడు. ఒక హిందువు, ఒక ముస్లిం, ఇద్దరూ చదువు లేని వాళ్ళే. పెద్ద పెద్ద ఉస్తాదుల దగ్గర నేర్చుకున్న మనిషి కూడా తన మొదటి గురువులుగా వీళ్ళనే తలుచుకున్నాడు.

ఈ భాటియాలీ సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఆయన పాటల సగం రహస్యం అందదు. పడవ పాట అనగానే మనకి 'హైలెస్సా' గుర్తొస్తుంది. పది చేతులు ఒకేసారి తెడ్డు వెయ్యాలి కాబట్టి దానికి దెబ్బ ఉంటుంది, లయ ఉంటుంది. బెంగాల్లో అలాంటివాటిని సారి పాటలంటారు. భాటియాలీ దానికి పూర్తిగా తిరగబడ్డ రకం. భాటా అంటే ఆటుపోట్లలో ఆటు, నీళ్ళు సముద్రం వైపు లాగే వేళ. అప్పుడు పడవ దానంతటదే పోతుంది. చేతులకి పనుండదు, తొందర ఉండదు, కనుచూపు మేరలో మనిషుండడు. ఆ ఖాళీలో ఒంటరి పడవవాడు పాడుకునేదే భాటియాలీ. తాళం పెద్దగా ఉండదు. ఒక స్వరాన్ని పైన పట్టుకుని, నది ఎంత వెడల్పుందో అంత సాగదీసి వదిలేస్తాడు. బర్మన్ గొంతులో ఉన్నది ఆ వెడల్పే.

కొమిల్లాలో బి.ఎ. అయ్యాక ఎం.ఎ. చదవడానికి కలకత్తా వెళ్ళారు. చదువు మధ్యలో వదిలేశారు (మన సీనియర్లలో ఒకరిద్దరికి ఇది ఊరటగా ఉండొచ్చు). చూపులేని గాయకుడు కె.సి. డే దగ్గర, తర్వాత భీష్మదేవ్ చటోపాధ్యాయ్ దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. 1931లో తండ్రి పోయాక అగర్తలా వచ్చి దర్బారులో ఉద్యోగం చూసుకోమని ఇంట్లోవాళ్ళు పిలిచారు. వెళ్ళలేదు. కలకత్తాలోనే ఉండి సంగీతం ట్యూషన్లు చెప్పుకుని బతికారు. 1932లో మొదటి రికార్డు వచ్చింది. 1938లో తన శిష్యురాలు మీరా దాస్‌గుప్తాని పెళ్ళి చేసుకున్నారు. రాచకుటుంబానికి అది నచ్చలేదు. మరుసటి ఏడాది రాహుల్ పుట్టాడు, అదే మన పంచమ్.

ఇక ఫుట్‌బాల్ విషయానికొస్తే, కలకత్తాలో ఆ రోజుల్లో తూర్పు బెంగాల్ వాళ్ళని 'బాంగాల్' అని ఎగతాళి చేసేవాళ్ళు. యాస మీద జోకులు, తిండి మీద జోకులు. మన దగ్గర ఒక ప్రాంతం యాసని సినిమాల్లో కామెడీకి వాడుకున్నప్పుడు మండిన వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1920 జూలైలో మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి జోడాబగాన్ క్లబ్ ఒక తూర్పు బెంగాల్ ఆటగాణ్ణి పక్కన పెట్టింది. ఆ కోపంతో క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికొచ్చేసి, ఆగస్టు 1న కొత్త క్లబ్ పెట్టేశాడు. పేరు కూడా మొహమాటం లేకుండా ఈస్ట్ బెంగాల్ అనే పెట్టారు. రంగులు ఎరుపు, బంగారు పసుపు. గెలిచిన రోజు వీళ్ళింట్లో పులస, అదే హిల్సా. మోహన్ బగాన్ గెలిస్తే అవతలి వాళ్ళింట్లో రొయ్యలు. కొమిల్లా నుంచి ఆ నగరానికొచ్చిన కుర్రాడు ఏ పక్కన నిలబడతాడో వేరే చెప్పాలా?

1944లో ఫిల్మిస్తాన్ వాళ్ళ పిలుపు మీద బొంబాయి వచ్చారు. మొదటి సినిమాలు 'శికారీ', 'ఎయిట్ డేస్' 1946లో వచ్చాయి. మరుసటి ఏడాది 'దో భాయి'తో గీతా రాయ్ పేరు మోగిపోయింది. అదే ఏడు దేశం విడిపోయింది. కొమిల్లా పాకిస్తాన్‌కి పోయింది. పుట్టిన ఊరు, మాధవ్, అన్వర్, ఆ నదులు అన్నీ సరిహద్దుకి అవతల పడ్డాయి. ఇటు బొంబాయి పద్ధతులు ఆయనకి పడలేదు. 1950 ప్రాంతంలో 'మశాల్' సినిమా సగంలో వదిలేసి కలకత్తా రైలెక్కేద్దామనుకున్నారు. దగ్గరివాళ్ళు నచ్చజెప్పి ఆపారు. అదే రైలు ఎక్కేసి ఉంటే 'బాజీ' లేదు, 'ప్యాసా' లేదు, 'గైడ్' లేదు.

అక్కడి నుంచి ఆయన హిట్లన్నీ చెప్పుకుంటూ పోతే పత్రిక సరిపోదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. క్లబ్ డాన్సులకీ దేవానంద్ టోపీకీ తగ్గట్టు పడమటి బాణీలు ఎన్ని చేసినా, గుండె పిండాల్సిన చోటు రాగానే ఆయన నది దగ్గరికే వెళ్ళిపోయారు. 'దేవదాస్'లో బావుల్ గాయకులు వస్తారు. 'ప్యాసా'లో వహీదా మెట్లెక్కి గురుదత్ వెనక్కి వచ్చి నిలబడే ఘట్టానికి కీర్తన వరస వాడారు. 'గైడ్'లో వాన కోసం ఊరంతా మొరపెట్టుకునే పాట తూర్పు బెంగాల్ రైతుల పాట నుంచి వచ్చింది. మన పల్లెల్లో కప్పతల్లిని ఊరేగించి పాడే పాటల్లాంటిదే అది. 

తను స్వయంగా పాడిన హిందీ సినిమా పాటలు చాలా తక్కువ. పాడినవి కూడా తెర మీద హీరో నోటికి పెట్టనివ్వలేదు. పడవవాడో, బాటసారో, కనబడని గొంతో, అంతే. 'సుజాత'లో పడవవాడి పాట అలాంటిదే. 'బందిని' చివర్లో నూతన్ ఒక పక్క రైలు, ఇంకో పక్క స్టీమరు మధ్య నిలబడుతుంది. రైలు వైపు మంచి డాక్టరు, గౌరవమైన కొత్త బతుకు. స్టీమరు వైపు తనని ముంచి, ఇప్పుడు జబ్బుతో చావుకి దగ్గరైన పాత మనిషి. ఆమె ఒక్క మాట మాట్లాడదు. రేవులో బర్మన్ గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి చేర్చమని అడుగుతూ ఉంటుంది. ఆమె స్టీమరు వైపు పరిగెడుతుంది. ఆయన మొత్తం పనిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఈ నాలుగు నిమిషాలే ఉంచుకుంటా. అవతలి ఒడ్డుకి తను వెళ్ళలేని మనిషి పాడిన పాట అది.

మరి ఫుట్‌బాల్ ఏమైంది? బొంబాయి వచ్చినా ఎరుపు పసుపు రంగులు వదల్లేదు. స్టూడియోలో ఎదురుగా మన్నా డే ఉండేవాడు. తన గురువు కె.సి. డేకి సొంత అన్న కొడుకు, పైగా గట్టి మోహన్ బగాన్ అభిమాని. ఇద్దరి మధ్య ఫుట్‌బాల్ కయ్యాల గురించి చాలా కథలున్నాయి. 1949లో ఈస్ట్ బెంగాల్ బొంబాయికే వచ్చి రోవర్స్ కప్ ఎత్తుకెళ్ళింది. అప్పటి వాళ్ళ ముందువరుస ఐదుగురు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అభిమానులు వాళ్ళని పంచపాండవులనేవాళ్ళు. తమాషా ఏమిటంటే బెంగాలీ ఆత్మగౌరవం మోసిన ఐదుగురూ దక్షిణాది వాళ్ళే. ఆ వెంటనే ఆ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు తన్నుకుపోయింది మాత్రం రహీం సాబ్ తయారుచేసిన మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఈ విషయంలో సచిన్ దాకి మనమేమీ సాయం చెయ్యలేదు. తర్వాత కాస్త అప్పు తీర్చాం లెండి. రహీం శిష్యుడు, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాదే ఈస్ట్ బెంగాల్లో చేరాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినప్పటికీ అతను ఆ క్లబ్ మనిషే.

దేశం విడిపోయాక ఆ క్లబ్ అర్థమే మారిపోయింది. లక్షలమంది ఇల్లూ పొలం వదిలేసి కలకత్తా చేరారు. వాళ్ళ ఊళ్ళ పేర్లు మ్యాపులో ఇంకో దేశంలో ఉన్నాయి. తూర్పు బెంగాల్ అన్న మాట మిగిలింది ఒక జెర్సీ మీదే. 1970 ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఇరాన్ నుంచి వచ్చిన పాస్ టెహ్రాన్ జట్టుని, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన పరిమళ్ డే చివరి నిమిషాల్లో కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఓడించినప్పుడు ఈడెన్ గార్డెన్స్ ఊగిపోయిందంటే అందుకే. మరుసటి ఏడాది అవతల యుద్ధం మొదలైంది. సచిన్ దా తన పాత పాట ఒకదాన్ని బయటికి తీశారు. మీరాదేవి మాటలు మార్చి రాశారు. బంగ్లాదేశ్ డోలు మోగిస్తున్నానంటూ అరవై దాటిన ఆ గొంతు కుర్రాడిలా గంతులేసింది.

'ఆరాధన'లో తను పాడిన పాటకి అప్పటికే జాతీయ అవార్డు వచ్చింది. 1973 నాటి 'అభిమాన్' రెండో ఫిల్మ్‌ఫేర్ తెచ్చింది. 1975లో 'మిలీ' కోసం కిషోర్‌తో ఒక పాట రిహార్సల్ చేయించి ఇంటికెళ్ళాక పక్షవాతం వచ్చింది. కోమాలోకి వెళ్ళిపోయారు. పాట రికార్డింగ్ రాహుల్ దగ్గరుండి పూర్తి చేశాడు.

ఆ ఏడు సెప్టెంబర్ 30న షీల్డ్ ఫైనల్. మోహన్ బగాన్ మీద ఈస్ట్ బెంగాల్ 5–0. సురజిత్ సేన్‌గుప్తా ఒకటి, శ్యాం థాపా రెండు, రంజిత్ ముఖర్జీ ఒకటి, శుభంకర్ సన్యాల్ ఒకటి. మధ్యలో శ్యాం థాపా ఒక పెనాల్టీ కూడా పోగొట్టాడు, లేకపోతే ఆరయ్యేవి. అభిమానుల కోపానికి భయపడి కొందరు మోహన్ బగాన్ ఆటగాళ్ళు ఆ రాత్రి గంగలో పడవ మీద గడిపారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మర్నాడు సచిన్ దా పుట్టినరోజు. 69 నిండాయి.

రాహుల్ ఆయన చెవి దగ్గరికి వంగి స్కోరు చెప్పాడట. అన్నాళ్ళుగా ఏ పిలుపుకీ పలకని మనిషి ఒక్కసారి కళ్ళు తెరిచారట. మళ్ళీ తెరవలేదు. అక్టోబర్ 31న పోయారు.